చైనాటౌన్‌కి వెళ్తే చైనాటౌన్ స్టేషన్‌లో దిగకండి

ప్రశ్న: సింగపూర్ వచ్చి ఐదు నెలలైంది. వారాంతం వస్తే లిటిల్ ఇండియా, సరుకులు, ఇల్లు. ఇంతకు మించి ఏమీ చూడలేదు. వచ్చే నెల అమ్మానాన్న వస్తున్నారు. చైనాటౌన్ మా అంతట మేమే తిరిగి చూడగలమా, గైడ్ కావాలా? అమ్మ గుడ్డు కూడా ముట్టదు. నాన్నకు మోకాళ్ల నొప్పులు, షుగర్.

జవాబు: గైడ్ అక్కర్లేదండీ. రెండు గొడుగులు, ఒక నీళ్ల సీసా, తేలిగ్గా విప్పి తొడుక్కునే చెప్పులు ఉంటే చాలు. మొత్తం నడక రెండు కిలోమీటర్లు దాటదు. ఉదయం ఎనిమిదింటికల్లా మొదలుపెట్టండి. మా నాన్నను మొదటిసారి మిట్టమధ్యాహ్నం తీసుకెళ్లి, అరగంటకే కళ్లు తిరుగుతున్నాయంటే టాక్సీ ఎక్కించి ఇంటికి తెచ్చాను. చిత్తూరు ఎండలు చూసినవాడికి ఇదో లెక్కా అనుకున్నాను. ఇక్కడి ఉక్కపోత వేరు.

అందరూ చేసే పొరపాటు ఒకటుంది. నేరుగా చైనాటౌన్ మెట్రో స్టేషన్‌లో దిగుతారు. మెట్లెక్కి పైకి రాగానే పగోడా వీధి, ఎర్ర లాంతర్లు, ఫ్రిజ్‌కు అంటించే బొమ్మలు, పది డాలర్లకు మూడు టీషర్టులు. అక్కడే బ్యాగు నింపుకుని, చైనాటౌన్ చూసేశాం అనుకుని వెనక్కి వస్తారు. మీరు మాత్రం డౌన్‌టౌన్ లైన్‌లో ఒక స్టాప్ అవతల, తెలోక్ ఆయర్‌లో దిగండి. ఆనాడు ఓడ దిగినవాళ్లు ఎటు నుంచి ఊళ్లోకి నడిచారో మీరూ అటు నుంచే నడవండి. అప్పుడు అమ్మానాన్నలకు చెప్పడానికి మీ దగ్గర కథ ఉంటుంది.

తెలోక్ ఆయర్ మలయ్ పేరు. తెలోక్ అంటే అఖాతం, ఆయర్ అంటే నీళ్లు. ఇప్పుడు చుట్టూ బ్యాంకుల అద్దాల మేడలే గానీ, ఒకప్పుడు సముద్రం సరిగ్గా ఈ వీధి అంచు దాకా వచ్చేది. దగ్గర్లోని కొండను తవ్విన మట్టితో 1880ల నాటికి ఆ అఖాతాన్ని పూడ్చేశారు. నాన్నగారిని వీధి మధ్యలో నిలబెట్టి "మీ కుడికాలి దగ్గర ఒడ్డు, ఎడమకాలి దగ్గర సముద్రం" అనండి. మా నాన్న అయితే నమ్మలేదు, ఫోన్‌లో పాత పటం చూపించాక ఒప్పుకున్నారు.

ఆ ఒడ్డునే వరుసగా గుళ్లు, దర్గా, మసీదు. ప్రాణాలతో ఒడ్డుకు చేరినవాడు ముందుగా చేసే పని మొక్కు తీర్చుకోవడమే కదా. వీటిలో పెద్దది థియన్ హాక్ కెంగ్. చైనాలోని ఫుజియన్ నుంచి వచ్చిన హొక్కియన్ చైనీయులు 1839 నుంచి 1842 మధ్య కట్టుకున్నారు. అమ్మవారు మాజు, సముద్రంలో వెళ్లేవాళ్లను కాపాడే తల్లి. చెక్క కట్టడమంతా మేకు కొట్టకుండా ఒకదానిలో ఒకటి బిగించిందే. 1907లో చైనా చక్రవర్తి గ్వాంగ్షు ఒక ఫలకం రాయించి పంపాడు. దక్షిణ సముద్రాల మీద అలలు శాంతించాయి అని దాని అర్థం. వలస వచ్చినవాళ్లు కట్టుకున్న గుడికి చక్రవర్తి నుంచి కానుక రావడమంటే చిన్న విషయమా!

గుమ్మం దగ్గర గడప ఎత్తుగా ఉంటుంది. తొక్కకుండా దాటాలి. ఈ మాట అమ్మగారికి మీరు చెప్పనే అక్కర్లేదు, పుట్టినప్పటి నుంచి ఆవిడకు తెలిసిందే. నాన్నగారి మోకాళ్లకు మాత్రం చెయ్యి అందించండి.

పక్కనే నాగూర్ దర్గా కనిపిస్తుంది, 1828-30 నాటిది. అసలు దర్గా తమిళనాడులోని నాగూర్‌లో ఉంది. ఓడల మీద వచ్చిన దక్షిణ భారత ముస్లింలు తమ ఊరి సూఫీ సాధువు పేరు మీద ఇక్కడొకటి కట్టుకున్నారు. కొంచెం ముందుకెళ్తే అల్ అబ్రార్ మసీదు. ఆన్ సియాంగ్ కొండ మెట్లెక్కి అడ్డదారిన వెళ్లవచ్చు, చెట్లూ నీడా బాగుంటాయి. కానీ మీరు మెట్ల జోలికి పోకండి. వీధి చివరి దాకా నడిచి మాక్స్‌వెల్ రోడ్డు పట్టుకోండి, దారంతా చదునే.

నడిచేటప్పుడు ఎండలోకి రాకండి. పాత ఇళ్లన్నీ కింద కొట్టు, పైన ఇల్లు. ముందు వైపు మన అరుగులాంటి కప్పున్న నడవా ఉంటుంది. ఈ ఊరిని నెలకొల్పిన ఆంగ్లేయుడు రాఫిల్స్ 1822లో ఊరికి ప్లాన్ వేయించినప్పుడు పెట్టిన నియమం అది. ప్రతి ఇంటి ముందూ ఐదడుగుల నడవా వదలాలి, వానలో ఎండలో జనం దాని కిందే నడవాలి. అక్కడక్కడ ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ మెట్టు ఎత్తు మారుతుంది, చూసి అడుగేయండి.

మాక్స్‌వెల్ ఫుడ్ సెంటర్ దగ్గరికి వచ్చేసరికి పది దాటుతుంది. ఇక తిండి సంగతి. దీన్ని కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే నేను బోల్తా పడింది ఇక్కడే. ఒకచోట "వెజిటబుల్ నూడుల్ సూప్" అని అడిగి అమ్మకు తెచ్చిచ్చాను. సగం తిన్నాక గిన్నె అడుగున ఎండు రొయ్యలు తేలాయి. అమ్మ ఏమీ అనలేదు. చెంచా పక్కన పెట్టి, ఆ రోజంతా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. తిట్టినా బాగుండేది.

వెజిటబుల్ అనడం వేరు, వెజిటేరియన్ అనడం వేరు. మాంసం వేయొద్దంటే ముక్కలు తీసేస్తారు, సూపు మాత్రం ఎముకలదే. ఆకుకూర వేపుడులో సముద్రపు గుల్లలతో చేసే ఆయిస్టర్ సాస్ ఉంటుంది. సంబల్ కారంలో రొయ్యల ముద్ద కలుస్తుంది. అందుకని మామూలు స్టాల్‌లో "అది తీసేయండి, ఇది వేయకండి" అంటూ బేరాలు వద్దు. బోర్డు మీద వెజిటేరియన్ అని ఉన్న చైనీస్ స్టాల్ వెతకండి. వాళ్లది బౌద్ధుల పద్ధతి, చాలాచోట్ల ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. మన కార్తీకమాసం వంటలా అన్నమాట. గుడ్డు సంగతి మాత్రం విడిగా అడగాలి, "ఆంటీ, నో ఎగ్ ఆ?" అంటే చాలు. ఇంకో మాట. వాళ్లు సోయాతో, గోధుమ బంకతో అచ్చం బాతు మాంసంలా, చేప ముక్కలా చేస్తారు. అమ్మగారికి ముందే చెప్పి కూర్చోబెట్టండి, లేకపోతే ప్లేటు చూసి లేచిపోతారు. నాన్నగారు మాంసం తింటే హైనాన్ చికెన్ రైస్ పెట్టించండి. చప్పగా ఉందంటారు, పక్కనిచ్చే ఎర్ర పచ్చడి నంజుకోమనండి.

కాఫీ అడగడం కూడా నేర్చుకోవాలి. ఉత్త "కోపి" అంటే తియ్యటి గట్టి పాలు పోసి ఇస్తారు, షుగర్ ఉన్నవాళ్లకు పనికిరాదు. "కోపి ఓ" అంటే పాలు లేకుండా చక్కెరతో. "కోపి సి కోసోంగ్" అంటే పాలుంటాయి, చక్కెర ఉండదు. నాన్నగారికి ఇది చెప్పండి. అమ్మేవాళ్లను అంకుల్, ఆంటీ అనే పిలవాలి. ఇందులో మనకు కొత్తేమీ లేదు. బల్ల మీద టిష్యూ ప్యాకెట్ కనిపిస్తే ఆ చోటు ఎవరో పట్టుకున్నారని అర్థం, మన బస్సు సీటులో తువ్వాలు వేసినట్టే. తిన్నాక ట్రే మీరే తీసుకెళ్లి స్టాండులో పెట్టాలి. 2021 నుంచి అలా పెట్టకపోతే జరిమానా ఉంది. చిల్లర దగ్గర పెట్టుకోండి, కొన్ని స్టాళ్లు నగదే తీసుకుంటాయి.

ఎదురుగా కనిపించే ఎర్రటి బుద్ధ దంత ఆలయం చూసి వెయ్యేళ్లదనుకుంటారు చాలామంది. 2007లో తెరిచారు. లిఫ్టు ఉంది, లోపల ఏసీ ఉంది, కూర్చోవడానికి చోటుంది. నాకైతే అది ప్రధానంగా మోకాళ్లకు విశ్రాంతి. వెనకాలే సాగో లేన్. ఒకప్పుడు చివరి ఘడియల్లో ఉన్న పేదలను తెచ్చి ఉంచే ఇళ్లు ఇక్కడుండేవి. చిన్న గదుల్లో పదిమంది కిక్కిరిసి బతికే కూలీలకు చనిపోవడానికి కూడా చోటు లేదు మరి. 1961లో వాటిని నిషేధించారు. ఈ కథ అమ్మానాన్నలకు చెప్పాలో వద్దో మీ ఇష్టం.

ఈ ప్రాంతాన్ని మలయ్‌లో క్రెతా ఆయర్ అంటారు. చైనీస్‌లో పేరు న్యూ చె ష్వే. ఎద్దు, బండి, నీళ్లు. ఆన్ సియాంగ్ కొండ బావుల నుంచి ఎడ్లబండ్ల మీద నీళ్లు తోలేవారు. చైనీయులకు చైనాటౌన్ అంటే ఎడ్లబండి నీళ్లే!

నీళ్లతోనే ముడిపడిన ఇంకో కథ. 1819లో రాఫిల్స్ వెంట పినాంగ్ నుంచి వచ్చిన నారాయణ పిళ్లై ఇక్కడ ఇటుకల బట్టీ పెట్టాడు. హిందువులకు గుడి కావాలంటే మొదట తెలోక్ ఆయర్ వీధిలోనే స్థలం ఇచ్చారు. అభిషేకానికి మంచినీళ్లు లేవని దాన్ని వదులుకోవాల్సి వచ్చింది. చివరికి సౌత్ బ్రిడ్జ్ రోడ్డులో స్థలం దొరికి, 1827లో కలపతో, తాటాకులాంటి ఆకుల కప్పుతో మారియమ్మ గుడి లేచింది. సింగపూర్‌లో అతి పాత హిందూ గుడి ఇదే. దాని గోపురాన్ని చూసి తెల్లవాళ్లు పగోడా అన్నారు, పక్క వీధికి ఆ పేరే నిలిచింది. టూరిస్టులు చైనా పేరనుకుని ఫొటోలు దిగే పగోడా వీధి మన గోపురం పేరిట ఉన్నదే. పొద్దున్నే అక్కడ దిగి వెనక్కి పోయేవాళ్లకు ఈ సంగతి తెలిసే అవకాశమే లేదు.

మధ్యాహ్నం గుడి మూసేసి మళ్లీ సాయంత్రమే తీస్తారు కాబట్టి పన్నెండు లోపు చేరండి. లోపల ద్రౌపదమ్మ సన్నిధి ఉంది. మాది చిత్తూరు వైపు, ధర్మరాజుల తిరునాళ్లలో నిప్పుల గుండం తొక్కడం చూస్తూ పెరిగాను. దీపావళికి ముందు ఈ గుడిలోనూ గుండం తొక్కుతారు, తీమితి అంటారు. మొదటిసారి చూసినప్పుడు ఊరు గుర్తొచ్చి గోడకానుకుని చాలాసేపు నిలబడిపోయాను. మీ వాళ్లు అక్టోబరు, నవంబరు వైపు వస్తుంటే తేదీ కనుక్కుని ఆ రోజుకే ప్లాన్ చేసుకోండి, కాకపోతే జనం విపరీతం.

దర్శనమయ్యాక పగోడా వీధిలోంచి దిగితే చైనాటౌన్ స్టేషన్ వచ్చేస్తుంది. అమ్మగారు ఫ్రిజ్ బొమ్మలు కొంటానంటే ఇప్పుడు కొననివ్వండి. చెప్పిన ధరకు కాకుండా, పక్క కొట్టులో అడిగి.