పడవ గుర్తింపు గురించి రమణకు

అనంతపురం

చిరంజీవి రమణకు పెదనాయన ఆశీర్వదించి వ్రాయునది.

నాయనా, చెన్నైలో నీవూ నీ స్నేహితులూ కలిసి ఏడు మీటర్ల పాత తెరచాప పడవ కొన్నారని, త్వరలో రేవు దాటి బయటికి పోవాలనుకుంటున్నారని మీ నాయన చెప్పినాడు. గాలిని గురించి నేర్పేవారు నీకు అక్కడే ఉన్నారు. తీరరక్షక దళంలో ఉద్యోగం చేసినవాడిని గనుక, పడవ గుర్తింపును గురించి మాత్రం నేనే వ్రాస్తున్నాను.

తెరచాప మీద మన దేశాన్ని తెలిపే ఐఎన్‌డి అనే అక్షరాలు, వాటి కింద సంఖ్య ఉండేది పందేల కోసమేనని చాలామంది అనుకుంటారు. ఆపదలో వెతికే విమానానికైనా, పక్కగా పోయే ఓడకైనా ఇది ఫలానా పడవ అని చెప్పగలిగే గుర్తు కూడా అదే. పందెపు నియమాల ప్రకారం మీ పడవంత పొడవున్నవాటికి ఆ అంకెలు కనీసం 300 మిల్లీమీటర్ల ఎత్తు ఉండాలి. ఎండలో రెండు వైపుల అంకెలూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి కనబడతాయి గనుక, కుడివైపువి ఎడమవైపు వాటికంటే పైన అంటించాలి.

అంతకంటే ముందు, ఆ సంఖ్య నిజంగా మీ పడవదేనా అని విచారించు. పాత తెరచాపలు ఒక పడవ నుంచి ఇంకొక పడవకు చేతులు మారుతుంటాయి. వేరొకరి సంఖ్యతో మీరు తిరుగుతుంటే, మిమ్మల్ని వెతికేవారు మిమ్మల్ని చూసి కూడా వేరే పడవ అనుకొని దాటిపోవచ్చు.

గాలి ముదిరితే తెరచాపను దించక తప్పదు, దానితో పాటు సంఖ్యా మరుగైపోతుంది. 2018 సెప్టెంబరులో దక్షిణ హిందూ మహాసముద్రంలో, ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టే తెరచాప పడవల పందెంలో ఉన్న మన నౌకాదళ అధికారి అభిలాష్ టామీ గారి పడవ మాస్టు (తెరచాప కట్టే స్తంభం) తుఫానుకు విరిగినప్పుడు, బీకన్ (ఆపద సంకేతం పంపే పరికరం) మొదలైనవి తెలిపిన స్థానాన్ని బట్టే మన నౌకాదళ విమానం ఆయనను కనుగొన్నది. అందువల్ల పడవ పేరునూ సంఖ్యనూ రెండు పక్కలా, పైనుంచి కనబడేటట్టు డెక్కు మీదా, లైఫ్ జాకెట్ల మీదా వ్రాయించు. రేడియోలో మీ పడవను గుర్తుపట్టించే తొమ్మిదంకెల ఎంఎంఎస్‌ఐ సంఖ్యను కూడా ఎక్కించుకోవాలి. మన దేశానివి 419తో మొదలవుతాయి.

నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచినది బీకన్ నమోదు. 406 మెగాహెర్ట్జ్ బీకన్ పంపే ఆపద సంకేతం ఉపగ్రహాల ద్వారా బెంగళూరులోని ఇస్రో కేంద్రానికి చేరుతుంది. సముద్రపు గాలి సోకని, మన అనంతపురానికి ఇంత దగ్గరున్న ఊళ్ళో ఆ కబురు వినే మనుషులున్నారంటే నాకు ఎప్పుడూ ధైర్యంగా ఉంటుంది. సంకేతం రాగానే వారు నమోదులో ఉన్న ఫోనుకు చేస్తారు. నీవు మీ నాయన నంబరు ఇస్తే, పడవ రంగేమిటి, తెరచాప సంఖ్య ఎంత, ఎందరు ఎక్కినారు, ఎప్పుడు బయలుదేరినారు అని అడిగినప్పుడు ఆయన తడుముకోకుండా చెప్పగలగాలి. అందుకని ఈ వివరాలన్నీ ఒక కాగితం మీద వ్రాసి, తీరరక్షక దళం 1554 నంబరుతో సహా, ఇంట్లో ఫోను పక్కనే అంటించమను. మనుషులు మారినా, దారి మారినా ఆ రోజే ఇంటికి తెలియజేయి. పడవను అమ్మితే నమోదు మార్పించకుండా బీకన్ ఇవ్వవద్దు.

పక్కనుంచి ఒకటి, పైనుంచి ఒకటి పడవ ఫోటోలు ఈ వారంలోనే పంపు. మీ నాయన దగ్గర ఒక ప్రతి, నా దగ్గర ఒక ప్రతి ఉంచుకుంటాము.

ఇట్లు,
పెదనాయన