తాబేలు చనిపోయింది.. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది కడప. అక్వేరియం షాపులో కొన్న తాబేలును ఆరేళ్లు పెంచుకున్నాం. చెవుల దగ్గర ఎర్రటి చార ఉండే రకం. ఈ వేసవిలో దానికి కళ్లు వాచి మూసుకుపోయాయి. మేత మానేసింది, డిప్ప మెత్తబడింది. షాపువాళ్లిచ్చిన చుక్కల మందు వేసినా తగ్గక గత నెలలో చనిపోయింది. ఒక పగలూ రాత్రీ చూసి, కాళ్లు బిగుసుకుపోయి వాసన మొదలయ్యాకే పెరట్లో పాతిపెట్టాం. అయినా బతికుండగానే పూడ్చేశామేమోనని అర్ధరాత్రి లేచి కూర్చుంటున్నా. నా వల్లే పోయిందనిపిస్తోంది. ఇంట్లో తాబేలు చావడం అరిష్టమని మా అత్తమ్మ అంటున్నారు. ఎనిమిదేళ్ల బాబుకు ‘ఆస్పత్రిలో ఉంది’ అని చెప్పాం. మా మరిది పొలాల దగ్గర దొరికే నక్షత్ర తాబేలును తెచ్చిస్తానంటున్నాడు. ఇన్నాళ్లూ దాన్ని ముట్టుకున్నందుకు మాకేమైనా జబ్బులొస్తాయా?
– ఒక సోదరి, కడప

సలహా: అమ్మా, ముందు మిమ్మల్ని రాత్రిళ్లు లేపుతున్న భయం సంగతి చూద్దాం. తాబేలు గుండె చాలా నెమ్మదిగా కొట్టుకుంటుంది. బాగా చలిపడితే కదలిక ఆగిపోయి చనిపోయినట్టే కనిపిస్తుంది. పొరబాటు పడే ప్రమాదం ఉన్నది అలాంటప్పుడు. మీది కడప, అదీ వేసవి. పైగా కాళ్లు బిగుసుకుపోయాయని, వాసన మొదలైందని మీరే రాశారు. ఆ రెండూ కనిపించాక ప్రాణం ఉండదు. మీరేమీ తొందరపడలేదు. మెలకువ వచ్చినప్పుడల్లా ఆ రెండు గుర్తులనే తలచుకోండి.

ఇక ‘నా వల్లే’ అన్న మాట. ఊరికే ‘మీ తప్పేం లేదు’ అంటే మీ మనసు ఒప్పుకోదు, అందుకే జరిగిందేమిటో చెబుతాను. చూడకుండా జబ్బు తేల్చలేం గానీ, ఈ రకం తాబేళ్లకు కళ్లు వాయడం చాలాసార్లు విటమిన్-ఎ లోపం వల్ల, డిప్ప మెత్తబడటం కాల్షియం, అతినీలలోహిత కిరణాలు అందక వస్తాయి. ఒట్టి ఎండు రొయ్యలే మేతగా వేస్తే ఆ పోషకాలు చాలవు. తొట్టిని కిటికీ పక్కన పెట్టినా, దానికి అవసరమైన కిరణాలను కిటికీ అద్దమే చాలావరకు ఆపేస్తుంది. ఇవన్నీ కొనేటప్పుడు మీకెవరైనా చెప్పారా? అందులోనూ తాబేలు నీరసాన్ని బయటపడనివ్వదు. అడవిలో నీరసంగా కనిపించినదాన్నే వేటాడతాయి కాబట్టి దాని స్వభావమే అది. కళ్లు మూసుకుపోయి మీ కంట పడేసరికి లోపల నెలల తరబడి నష్టం జరిగి ఉంటుంది. తెలిసీ పట్టించుకోకపోతే అది నిర్లక్ష్యం. మీరు తెలిసినంతలో మందు వేశారు, చివరిదాకా పక్కనే ఉన్నారు. ఇప్పుడు తెలిసిన సంగతులతో అప్పటి మిమ్మల్ని నిలదీసుకోకండి.

‘తాబేలు కోసం ఇంత ఏడుపా’ అనేవాళ్లు ఉంటారు. కుక్కలా తోక ఊపదు కాబట్టి దానికి మనిషి తెలియదనుకుంటారు. కానీ మేత వేసే మనిషి అలికిడి వినగానే అద్దం దగ్గరికి ఈదుకుంటూ వచ్చి మెడ చాపడం పెంచినవాళ్లందరికీ తెలుసు. ఆరేళ్లు పొద్దున్నే నీళ్లు మార్చి, మేత వేసిన చేతులకు ఇప్పుడు ఆ వేళకు పనిలేదు. దుఃఖం ఎక్కువగా ముంచుకొచ్చేది ఆ వేళల్లోనే. కొన్నాళ్లు ఆ సమయానికి ఒంటరిగా ఉండకండి. మీవారితో దాని గురించే మాట్లాడండి, ఏడుపొస్తే ఏడవండి. నిద్రమాత్రలు సొంతంగా వేసుకోవద్దు.

రెండు వారాలకు మించి రోజంతా దిగులుగా ఉండి, తిండి, నిద్ర, పని మూడూ దెబ్బతింటే కడప సర్వజన ఆస్పత్రిలో మానసిక వైద్యులను కలవండి. చనిపోవాలనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగొద్దు. మానసిక సమస్యల కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

అరిష్టం మాట పక్కన పెట్టండి. అది జబ్బు చేసి పోయింది. అత్తమ్మతో వాదన అక్కర్లేదు, ఆమె తృప్తి కోసం దీపం పెట్టుకుంటే నష్టమూ లేదు.

బాబుకు మాత్రం ఈ వారమే నిజం చెప్పండి. ‘చనిపోయింది, ఇక రాదు’ అన్న మాటలతోనే చెప్పండి. ఎనిమిదేళ్ల పిల్లవాడికి చావంటే తెలుస్తుంది. ఆస్పత్రికి వెళ్తే తిరిగి రారని నమ్మితే, రేపు వాడికి జ్వరమొచ్చినప్పుడు బెంబేలెత్తిపోతాడు. పాతిపెట్టిన చోటు చూపించండి, ‘నా వల్ల పోయిందా’ అని అడిగితే కాదని గట్టిగా చెప్పండి.

జబ్బుల సంగతి: తాబేళ్లు ఆరోగ్యంగా ఉన్నా వాటి నుంచి సాల్మొనెల్లా బ్యాక్టీరియా అంటవచ్చు. సోకితే సాధారణంగా వారంలోపే జ్వరం, కడుపునొప్పి, విరేచనాలు మొదలవుతాయి. నెల దాటినా ఎవరికీ ఏమీ లేదంటే భయం అక్కర్లేదు. తొట్టిని వంటింటి సింకులో కడగొద్దు. బయట సబ్బుతో కడిగి, బ్లీచింగ్ నీళ్లు పోసి, ఎండలో ఆరబెట్టి చేతులు శుభ్రంగా కడుక్కోండి. అయిదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో తాబేలు వద్దనే నా అభిప్రాయం.

మరో తాబేలుకు ఇప్పుడే తొందరొద్దు. ముందు ముందు పెంచాలనుకుంటే ఏం మేత, ఏ లైటు కావాలో ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలలో విచారించాకే కొనండి. నక్షత్ర తాబేలు మాత్రం ఎప్పటికీ వద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టుకోవడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం. మీ మరిదికి ఈ మాట ఈరోజే చెప్పండి.