గేమ్ కన్సోల్ పాడైతే ‘మీదే తప్పు’ అంటున్నారు

ప్రశ్న: మాది తెనాలి. పది నెలల కిందట మా బావమరిది విజయవాడలో ఓ షాపులో 54 వేలు పెట్టి గేమ్ కన్సోల్ కొని మా అబ్బాయికి ఇచ్చాడు. ఏడాది వారంటీ ఉంది. గత నెల నుంచి ఆన్ అవుతోంది గానీ టీవీలో బొమ్మ రావడం లేదు. సర్వీస్ సెంటర్‌వాళ్లు చూసి, హెచ్‌డీఎంఐ పోర్టు (టీవీ వైరు గుచ్చే చోటు) మీరే పాడుచేశారు, వారంటీ వర్తించదన్నారు. 21 వేలు కడితే పాతది తీసుకుని, బాగుచేసిన వేరే సెట్ ఇస్తారట. షాపువాళ్లు తమకేం సంబంధం లేదంటున్నారు. బిల్లేమో బావమరిది పేరున ఉంది. నేను కేసు వేయొచ్చా? కొత్తది వస్తుందా?

జవాబు: బిల్లు గురించి దిగులు వద్దు. కొన్నవారి అనుమతితో వస్తువు వాడుకునేవారు కూడా వినియోగదారులేనని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(7) చెబుతోంది. మీ బావమరిది చేత ఒక చిన్న అఫిడవిట్ రాయించుకుంటే బిల్లు మీ పేరున లేదన్న వాదనకు తావే ఉండదు. ఇంట్లో ఆడుకునేది కాబట్టి ఇంత తేలిక. గంటకింత అని అద్దెకిచ్చే గేమింగ్ పార్లర్‌దైతే కథ వేరేగా ఉండేది.

అసలు చిక్కు పోర్టు దగ్గర ఉంది. సర్వీస్ సెంటర్‌వాళ్లు సెట్ చూసి ఏం తేల్చారో రాసే కాగితం, అంటే జాబ్ షీట్, మీకు ఇచ్చారా? ఇవ్వకపోతే రేపే వెళ్లి అడగండి. దానిమీద ‘సీఐడీ’ అని ఉంటే పోలీసులనుకుని కంగారుపడకండి. కస్టమర్ ఇండ్యూస్డ్ డ్యామేజ్ అనేదానికి సర్వీసువాళ్ల పొట్టిమాట అది, వాడినవాళ్ల వల్లే పాడైందని అర్థం. ఆ మూడక్షరాలతో సరిపెట్టనివ్వకండి. ఏ పిన్ను వంగింది, ఏది చూసి మీ తప్పని తేల్చారు అన్నది రాసివ్వమనండి. నోటిమాటగా చెబితే అదే విషయం మెయిల్‌లో పెట్టి జవాబడగండి. సెట్ వెనక సీరియల్ నంబరు, పోర్టు లోపల, చెక్కుచెదరని సీలు, మూడూ దగ్గరగా కనబడేలా ఫొటోలు తీసుకోండి.

లోపం ఉందని రుజువు చేయాల్సిన భారం మొదట మీదే. చూసి తేల్చలేని లోపమైతే, కేసు వినే వినియోగదారుల కమిషన్ సెట్‌ను ల్యాబ్‌కు పంపించగలదు, ఆ ఫీజు మిమ్మల్నే కట్టమనవచ్చు. అందుకే ఒక మాట ఇంట్లో అబ్బాయిని అడిగి చూడండి, కోప్పడకుండా. వైరు పట్టుకుని లాగాడా, టీవీ స్టాండు మీంచి సెట్ పడిందా? అలాంటిదేదో జరిగి ఉంటే కేసు నిలవదు. పోర్టు మార్చడం టంకం పని. చేయి తిరిగిన టెక్నీషియన్ 21 వేలకంటే చాలా తక్కువకే చేసిపెడతాడు. కాకపోతే బయట ఒకసారి విప్పించారంటే వారంటీ వాదనా పోతుంది, సాక్ష్యమూ చెదురుతుంది. రెండు పడవల మీద కాళ్లు పెట్టకుండా ముందు ఏదో ఒకటి తేల్చుకోండి. కేసే అనుకుంటే 21 వేలు కట్టి పాత సెట్‌ను అప్పగించకండి.

కొత్తది వస్తుందా అన్నారు. లోపం రుజువైతే సెక్షన్ 39 కింద కమిషన్ మరమ్మతు చేయమనవచ్చు, డబ్బు వాపసు ఇమ్మనవచ్చు, వస్తువు మార్చి ఇమ్మనవచ్చు. మార్చి ఇమ్మనేచోట చట్టం వాడిన మాట ‘అదే తరహా కొత్త వస్తువు’. ఎవరో వాపసిచ్చినదాన్ని బాగుచేసి అంటగడితే ఆ మాటకు సరిపోదు. వీటిలో ఏది అన్నది కమిషన్ ఇష్టం కాబట్టి ఫిర్యాదులో మూడూ అడగండి, తిరిగిన ఖర్చులూ కలపండి.

షాపునూ కంపెనీనీ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. విజయవాడ వెళ్లనక్కర్లేదు, మీరు నివసించే చోటే వేయొచ్చు కాబట్టి గుంటూరు జిల్లా కమిషన్ సరిపోతుంది. బిల్లు మీద ‘వివాదాలన్నీ ఫలానా ఊరి కోర్టులోనే’ అని అచ్చేసుకున్నా ఫర్వాలేదు. 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. లాయరూ తప్పనిసరి కాదు (నా వృత్తివాళ్లు ఈ వాక్యం చూడకపోతే మేలు). ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, చాలా కంపెనీలు అక్కడే దిగొస్తాయి. అక్కడ తేలకపోతే వినియోగదారుల కేసులు ఆన్‌లైన్‌లో వేసే ఇ-జాగృతి పోర్టల్‌లో ఇంటినుంచే కేసు వేయండి. కేసు వేయడానికి గడువు రెండేళ్లు. ఆ లెక్కకు పనికొస్తుంది కాబట్టి, వారంటీ వర్తించదని చెప్పిన తేదీ జాబ్ షీట్ మీద ఉందో లేదో చూసుకోండి.