శుద్ధరాత్రి పాట ఎవరిది?

ప్రశ్న: డిసెంబర్ 24 రాత్రి మా చర్చిలో లైట్లు ఆపేసి కొవ్వొత్తులు పట్టుకుని ‘శుద్ధరాత్రి సద్దణంగ’ (ఇంగ్లీషులో ‘సైలెంట్ నైట్’) పాడతాం. ఆ ట్యూన్ మొజార్ట్‌దని మా అన్నయ్య వాదన. ఎలుకలు ఆర్గాన్ కొరికేస్తే అప్పటికప్పుడు కట్టారని సండేస్కూల్లో చెప్పారు. ఏది నిజం?

జవాబు: మీ అన్నయ్యని ఏమీ అనకండి, బెర్లిన్‌లో రాజుగారి ఆస్థాన సంగీతం వాళ్లకే తెలీలేదు! ఇది మిఖాయెల్ హైడన్ అనే మరో సంగీతకర్తదేమో, రాతప్రతి ఉందా అని 1854లో వాళ్లు ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో సెయింట్ పీటర్ మఠానికి ఉత్తరం రాస్తే, అక్కడే చదువుకుంటున్న ఫెలిక్స్ అనే కుర్రాడి ద్వారా సంగతి వాళ్ల నాన్నకి చేరింది, ఆ నాన్న ఎవరనుకున్నారు, ట్యూన్ కట్టిన ఫ్రాంజ్ గ్రూబరే. ఆయన డిసెంబర్ 30న కూర్చుని జరిగిందంతా రాసిచ్చాడు. 1818 డిసెంబర్ 24న ఓబర్న్‌డార్ఫ్ అనే ఊళ్లో అసిస్టెంట్ ఫాదర్ యోసెఫ్ మోర్ ఒక పద్యం తెచ్చి, ఇద్దరు పాడేలా, కోరస్‌తో, గిటార్‌తో ట్యూన్ కట్టమన్నాడట, ఈయన ఆ సాయంత్రానికే కట్టిచ్చేశాడు, రాత్రి మోర్ గిటార్ వాయిస్తూ టెనార్ (పై గొంతు) పాడితే గ్రూబర్ బేస్ (కింది గొంతు) పాడాడు. గ్రూబర్ అసలు పక్కూళ్లో బడిపంతులండీ, ఆర్గాన్ వాయించడం అదనపు పని.

పాపం మోర్ మాత్రం 1848లోనే పోయాడు. ఆయన చేతిరాత కాగితం ఒకటి 1995లో బయటపడింది, దాంట్లో మాటలు తనవనీ 1816లో రాశాననీ, ట్యూన్ గ్రూబర్‌దనీ ఉంది. అంటే పద్యం రెండేళ్ల ముందే రెడీగా ఉంది, ఆ రోజు పుట్టింది ట్యూన్ ఒక్కటే, కాబట్టి మీ సండేస్కూల్ టీచర్‌కి సగం మార్కులు. మిగతా సగం ఎందుకు పోయాయంటే గ్రూబర్ రాసినదాంట్లో ఎలుకా లేదు, ఆర్గాన్ పాడైందన్న మాటా లేదు. చర్చిలో గిటార్ ఏంటి అని అడిగినవాళ్లకి చెప్పడానికి తర్వాత ఎవరో అల్లిన కథలా ఉంది, నాకైతే ఎలుకలు లేకపోయినా పాటకి వచ్చిన లోటేం లేదనిపిస్తుంది.

అన్నట్టు చిన్నప్పుడు నేను ‘సద్దణం’ అంటే ఏదో వాయిద్యం అనుకునేదాన్ని. సద్దు అణగగా, అంటే చప్పుడంతా ఆగిపోగా అని పెద్దయ్యాక గానీ వెలగలేదు.