జనరేటర్ ఉండగా మెట్ల దగ్గర వేరే లైటు ఎందుకు?

ప్రశ్న: అమలాపురం దగ్గర మాకు కల్యాణ మండపం ఉందండి. కింద పెళ్లి, పైన భోజనాలు. ఆటోమేటిక్ జనరేటర్, ఆఫీసు గదిలో ఇన్వర్టర్ ఉన్నాయి. అయినా మెట్లకు ఎమర్జెన్సీ లైట్లు పెట్టమంటున్నారు. ఇన్వర్టర్ నుంచి ఒక లైను లాగితే చాలని మా ఎలక్ట్రీషియన్ అంటున్నాడు. చాలా?
– ఒక పాఠకుడు

జవాబు: చాలదండి. కరెంటు పోవడమంటే ఊరంతా పోవడమే అనుకుంటాం. మండపాల్లో నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది అది కాదు. డెకరేషన్ వాళ్లు సీరియల్ సెట్లు, ఫోకస్ లైట్లు ఏ ప్లగ్గు దొరికితే దానికి తగిలిస్తారు. మెట్ల లైట్ల ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే తనంతట తానే కరెంటు ఆపేసే స్విచ్) పడిపోతుంది. మెయిన్‌లో కరెంటు ఉంది కాబట్టి జనరేటర్ స్టార్ట్ అవదు. పైన బంతి మీద కూర్చున్న ముసలివాళ్లు, పిల్లలు దిగాల్సింది ఆ చీకటి మెట్ల మీదే. ఇన్వర్టర్ లైను ఉన్నా, దాని స్విచ్ ఎవరో ఆపేసి ఉంటే అదీ వెలగదు. పైగా ఆ ఆఫీసు గదిలోనే మంటలు లేస్తే లైట్లన్నీ ఒక్కసారే పోతాయి.

అందుకే బ్యాటరీ లోపలే ఉన్న లైట్లు పెట్టించండి. వాటికి సప్లై ఆ మెట్ల మామూలు లైట్ల సర్క్యూట్ నుంచే, స్విచ్‌కు ముందు నుంచి తీయించాలి. అప్పుడు ఆ ఎంసీబీ పడినా, ఊళ్లో కరెంటు పోయినా, వైరు కాలినా లైటు వెలుగుతుంది. స్విచ్ తర్వాత తీస్తే లైట్లు ఆపిన ప్రతి రాత్రీ బ్యాటరీ ఖాళీ అయిపోతుంది. నేను చూసిన పాడైన లైట్లలో సగానికి కారణం ఇదే.

జాతీయ భవన నిర్మాణ కోడ్ 2016 నాలుగో భాగం ప్రకారం ఈ లైట్లు కనీసం గంటన్నర వెలగాలి. జనం బయటికి నడిచే దారి మధ్యలో, నేల మీద వెలుతురు 10 లక్స్‌కు (లక్స్ అంటే వెలుతురు కొలత) తగ్గకూడదు. లైటు నేలకు కనీసం 2 మీటర్ల ఎత్తులో ఉండాలి. ఒక లైటు పాడైతే మిగతా ఏర్పాటు దెబ్బతినకూడదు కాబట్టి మెట్లకు ఒక్కటి పెట్టి ఊరుకోకండి.

ఎఫ్‌ఆర్‌ఎల్‌ఎస్ వైరు వేశాం, భయం లేదని కొందరు ధీమాగా ఉంటారు. అది మంటను, పొగను తగ్గిస్తుందే తప్ప, మంటల్లో కరెంటు మోస్తూనే ఉంటుందని కాదు. ఒకే చోటి బ్యాటరీ నుంచి అన్ని లైట్లకూ ఇవ్వాలంటే మంటల్లోనూ కరెంటు మోసే ఫైర్ సర్వైవల్ కేబుల్ కావాలి. ఖర్చు బాగా పెరుగుతుంది.

జనరేటర్‌ను వరద నీరు అందని ఎత్తయిన దిమ్మ మీద పెట్టించండి. 1996 నవంబరు తుపాను చూసిన కోనసీమవాళ్లకు ఎందుకో చెప్పక్కర్లేదు. దారి చూపే ఆకుపచ్చ బోర్డును పూలదండలతో, గుడ్డలతో కప్పొద్దని డెకరేషన్ వాళ్లకు అడ్వాన్స్ ఇచ్చేటప్పుడే చెప్పండి.

నెలకోసారి మెట్ల ఎంసీబీ దింపి లైట్లు వెలుగుతున్నాయో లేదో చూడండి. ఏడాదికోసారి, ముహూర్తాలు లేని మూఢం రోజుల్లో, పూర్తి గంటన్నర వెలిగించి చూడండి. పెళ్లికి ముందు రోజు మాత్రం ఆ పని వద్దు. ఖాళీ అయిన బ్యాటరీ మళ్లీ నిండటానికి ఒక రోజు దాకా పట్టొచ్చు.