తలుపు ఎవరు తీశారు? వాంపైర్ కథ రాస్తున్న తమ్ముడికి ఉత్తరం

తమ్ముడూ,

నువ్వు పంపిన ముప్పై రెండు పేజీలూ రెండుసార్లు చదివాను. కాలేజీ హాస్టలు, కొత్తగా చేరిన కుర్రాడు, పొద్దుగూకాకే బయటికొచ్చే సీనియర్లు... సరుకున్న కథే. అయితే మూడో పేజీలోనే నీ రక్తపిశాచి కిటికీలోంచి లోపలికి దూరేశాడు. ఎవరూ పిలవలేదు, ఎవరూ తలుపు తియ్యలేదు. కథ అక్కడే చప్పబడిపోయింది. ఆ తర్వాత ఎంత నెత్తురు పారించినా మళ్లీ వేడెక్కలేదు.

ఉత్తరం చివర ఓ ప్రశ్న అడిగావు. ఎనభైల నాటి టీనేజ్ వాంపైర్ సినిమాల్ని జనం ఇప్పటికీ వెతుక్కుని మరీ ఎందుకు చూస్తున్నారని. నీ కథకి మందు ఆ ప్రశ్నలోనే ఉంది. కోరలూ నెత్తురూ కావాలంటే కొత్త సినిమాలు వస్తూనే ఉంటాయి. నిలబడ్డ పాతవాటిని వరసపెట్టి చూడు. వాటిలో ఒక ఇల్లుంటుంది. ఆ ఇంట్లో మీసాలు మొలుస్తున్న పిల్లాడో, తనలో తను గొణుక్కునే పిల్లో ఉంటుంది. గుమ్మంలోంచి లోపలికి ఎవరొస్తున్నారు, ఈ పిల్లలు రాత్రిపూట ఎవరితో బయటికెళ్తున్నారు అన్నదే కథంతా. పదిహేడేళ్ల పిల్లలున్న ప్రతి ఇంట్లో రోజూ జరిగే గొడవ ఇదేగా! పిలవనిదే రక్తపిశాచి గడప దాటలేడన్న పాత నియమం ఆ గొడవకి అచ్చంగా అతికింది. ఆ ఒక్క నియమాన్ని మూడు సినిమాలు మూడు రకాలుగా వాడుకున్నాయి. ముందు అది చూడు.

1985లో వచ్చిన ‘ఫ్రైట్ నైట్’తో మొదలుపెట్టు. రాసిందీ తీసిందీ టామ్ హాలండే. పక్కింట్లో దిగిన జెర్రీ రక్తపిశాచి అని చార్లీ అనే కుర్రాడికి తెలిసిపోతుంది. చెప్తే ఎవరూ నమ్మరు. దెయ్యాల సంగతులన్నీ తెలిసిన స్నేహితుడికి డబ్బులిచ్చి మరీ సలహా అడుగుతాడు. ఇంటివాళ్లు పిలిస్తే తప్ప వాడు లోపలికి రాలేడని ఆ స్నేహితుడు చెప్తాడు. చార్లీతో పాటు మనమూ ఊపిరి పీల్చుకుంటాం. కాసేపటికే అమ్మ కిందికి రమ్మంటుంది. దిగి చూస్తే జెర్రీ హాల్లో దర్జాగా కూర్చుని ఉన్నాడు. కొత్తగా వచ్చిన పొరుగాయన, అందగాడు, మర్యాదస్తుడు. అమ్మే సంబరంగా పిలిచి కూర్చోబెట్టింది. పిలుపు అందింది కాబట్టి ఇక ఎప్పుడైనా వస్తానని వాడు నవ్వుతూ అంటాడు. ఆ మాట అమ్మకి మర్యాదగా వినిపిస్తుంది, కొడుక్కి చావుకబురులా తగులుతుంది. నియమం ముందు చెప్పి, దాని మీద మనం చేరగిలబడగానే లాగేశారు. అలాంటి రెండర్థాల మాట నీ కథలో ఒక్కటి పడినా ముప్పై పేజీలు లేచి కూర్చుంటాయి. ఆ రాత్రే జెర్రీ చార్లీ గదిలోకి వచ్చి మీద పడితే కుర్రాడికి దొరికిన ఆయుధం ఒక పెన్సిలు. దాన్నే వాడి చేతిలో దించుతాడు. చదువుకునే పిల్లాడి గదిలో కత్తులుండవు. నీ హీరో చేతికి ఐదో పేజీలో నువ్వు ఇచ్చిన వెండి బాకు తీసెయ్.

1987లో జోయెల్ షూమాకర్ తీసిన ‘ది లాస్ట్ బాయ్స్’ ఇదే నియమాన్ని తిరగేసింది. విడాకులైన లూసీ ఇద్దరు కొడుకుల్ని తీసుకుని అరిజోనాలోని ఫీనిక్స్ నుంచి కాలిఫోర్నియా తీరంలో ఉన్న తండ్రి ఇంటికి వస్తుంది. వీడియో షాపు యజమాని మాక్స్ ఆమెను ఇష్టపడతాడు. ఓ రాత్రి భోజనానికి వస్తాడు. తలుపు తీసిన పెద్దకొడుకు మైకేల్‌తో, ఈ ఇంటికి మగదిక్కువి నువ్వే కదా, నువ్వు రమ్మంటేనే లోపలికొస్తానంటాడు. తల్లి స్నేహితుడు కొడుకు మనసు గెలుచుకోవడానికి పడే పాట్లని మనం అనుకుంటాం. మైకేల్ రమ్మంటాడు. లోపల చిన్నవాడు శామ్, అతని నేస్తాలూ మాక్స్ రక్తపిశాచేమోనని పరీక్షిస్తారు. జున్నుపొడి అని చెప్పి వెల్లుల్లి తురుము తినిపిస్తారు, పవిత్రజలం మీద పోస్తారు, అద్దం చూపిస్తారు. ఏదీ పనిచెయ్యదు. మాక్స్ మామూలు మనిషేనని పిల్లలతో పాటు మనమూ తేల్చేసుకుంటాం. చివర్లో తెలుస్తుంది, ఊళ్లో తిరిగే రక్తపిశాచి కుర్రాళ్ల ముఠాకి పెద్ద తనేనని. రక్తపిశాచిని ఇంట్లోకి పిలిస్తే ఆ పరీక్షలేవీ పారవట! ఆ గుమ్మం మాట అప్పుడు గుర్తొచ్చి ఒళ్లు జలదరిస్తుంది. ఇక్కడ నియమాన్ని ముందు చెప్పనే లేదు, మర్యాద మాటలో దాచేశారు. రెండోసారి చూసేవాళ్లు ఆ తలుపు సీను కోసమే కాచుకుని కూర్చుంటారు. సినిమా నిలవడమంటే ఇదే. రెండోసారి చూసేవాడికి కూడా ఒక సీను మిగిల్చి ఉంచడం.

మూడోది స్వీడన్ సినిమా, 2008లో టోమాస్ ఆల్ఫ్రెడ్‌సన్ తీసిన ‘లెట్ ద రైట్ వన్ ఇన్’. స్టాక్‌హోమ్ శివారు బ్లాకెబెర్గ్, ఎనభైల మొదట్లో, మంచు. ఆస్కార్‌కి పన్నెండేళ్లు, టీనేజ్ ఇంకా గడప మీదే ఉంది. పక్క ఫ్లాట్‌లోకి వచ్చిన ఈలీకి కూడా పన్నెండే, కాకపోతే ఎన్నో ఏళ్లుగా పన్నెండే. ఓ రోజు ఈలీ వచ్చి లోపలికి రమ్మనమంటే, అనకుండా వస్తే ఏమవుతుందని ఆస్కార్ మొండికేస్తాడు. ఈలీ మాట్లాడకుండా లోపలికి నడిచొస్తుంది. నిలబడి ఉండగానే ఒళ్లంతా, కళ్లలోంచీ చెవుల్లోంచీ నెత్తురు కారడం మొదలవుతుంది. ఆస్కార్ హడలిపోయి రా, రావచ్చని అరిచి వాటేసుకుంటాడు. నియమం తప్పితే ఏమవుతుందో ఇన్ని సినిమాల్లో ఎవరూ ఇలా చూపించలేదనే నా అభిప్రాయం. ఇక్కడ తలుపు భయానికి కాదు, నమ్మకానికి పరీక్ష అయింది.

నువ్వు కలం పట్టుకునే ముందే తేల్చుకోవాల్సింది ఇదే. నీ తలుపు ఈ మూడింట్లో ఏ పని చేస్తుంది? మూడూ ఒకే కథలో ఇరికిస్తే ఏదీ నిలవదు.

ఇక కుర్రాణ్ణి ముఠాలో కలుపుకునే సీను. నీ కథలో సీనియర్లు బలవంతంగా పట్టుకుని కొరికేశారు. కొరికితే వాడు బాధితుడు, అంతే. ‘ది లాస్ట్ బాయ్స్’ గుహ సీనుని పాజ్ చేస్తూ చూడు. ముఠా నాయకుడు డేవిడ్ చైనీస్ అన్నం డబ్బా ఇస్తాడు. మైకేల్ తింటుంటే, ఆ పురుగులు ఎలా ఉన్నాయని అడుగుతాడు. చూస్తే డబ్బానిండా తెల్లపురుగులు లుకలుకలాడుతుంటాయి. ఉమ్మేసి మళ్లీ చూస్తే అన్నమే. అందరూ నవ్వుతారు. తర్వాత నూడుల్స్ చాపుతాడు. మైకేల్‌కి వానపాములు కనిపిస్తాయి, తినొద్దంటాడు. డేవిడ్ తిని చూపిస్తాడు, నూడుల్సే. మూడోసారి సీసా వస్తుంది. స్టార్ అనే అమ్మాయి అది నెత్తురని నిజమే చెప్తుంది. మైకేల్ నమ్మడు. చుట్టూ తన పేరు పాటలా వినిపిస్తుంటే ఎత్తి తాగేస్తాడు. లెక్క చూశావా? రెండు అబద్ధాలు, ఒక నిజం. మొదటి రెండూ మైకేల్‌కి తన కళ్ల మీద నమ్మకం పోగొట్టడానికే. ఒక్క అబద్ధమైతే సరిపోదు, మూడైతే మనకే విసుగొస్తుంది. పైగా సీసా ఎత్తింది మైకేలే. సిగరెట్టు మొదలైనా, మందు మొదలైనా ఆ వయసులో ఇలాగే మొదలవుతుంది. చూసేవాడు ఎక్కడివాడైనా ఆ గుహలో తనని తాను గుర్తుపడతాడు.

తాగిన వెంటనే పూర్తి పిశాచి అయిపోడు, అది ఇంకా గొప్ప సంగతి. మొదటి మనిషిని చంపేదాకా సగమే. ఆ సగం రోజుల్లో మైకేల్ మధ్యాహ్నం దాకా పడుకుంటాడు, పగలు నల్లకళ్లద్దాలు తియ్యడు, అమ్మ పలకరిస్తే చిరాకుపడతాడు. లూసీ కళ్లతో చూడు. ఏ తల్లికైనా ఇంట్లో కనిపించేది ఇదే. అద్దంలో అన్న బొమ్మ పల్చబడటం చూసిన శామ్ హడలిపోయి ఏమని బెదిరిస్తాడో తెలుసా? అమ్మకి చెప్తానని. ఇరవై ఏళ్లప్పుడు మైకేల్ కోసం ఈ సినిమా చూసినవాళ్లు నలభై ఐదేళ్లప్పుడు లూసీ కోసం చూస్తారు. ఈ సినిమా మొదటి చిత్తులో ఆ కుర్రాళ్లంతా ఇంకా చిన్నపిల్లలు. సినిమా పేరే ‘పీటర్ పాన్’లోని తప్పిపోయిన పిల్లల నుంచి వచ్చింది. షూమాకర్ వాళ్లని టీనేజర్లని చేశాడు. మోటారుసైకిళ్లు, చెవిపోగు, అమ్మాయి అప్పుడే కథలోకి వచ్చాయి. నీ పాత్రల వయసు ఒక్క ఏడాది అటూ ఇటూ జరిపి చూడు, ఎన్ని సీన్లు మారతాయో.

నియమాల సంగతి. నీ ఐదో పేజీలో పదకొండు నియమాలున్నాయి, అదీ ఒక ప్రొఫెసర్ ఉపన్యాసంలో. మూడు చాలు. నాలుగోది కావాలంటే మొదటి మూడింట్లో ఒకటి తీసెయ్. ఏవీ వేదవాక్కులు కావు. ఎండ తగిలితే చస్తాడన్నది 1922 నాటి జర్మన్ మూకీ ‘నోస్ఫెరాటు’ తెచ్చిపెట్టింది. 1897 నాటి ‘డ్రాక్యులా’ నవలలో అతను పగలు కూడా తిరుగుతాడు, శక్తి తగ్గుతుందంతే. కాబట్టి నీ కథకి పనికొచ్చేవి ఏరుకో. ఏరుకున్నవి మాత్రం ఆఖరి పేజీదాకా మార్చకు. వాటిని చెప్పే మనిషిని జాగ్రత్తగా ఎంచుకో. ‘ది లాస్ట్ బాయ్స్’లో చెప్పేది కామిక్స్ షాపు పిల్లలు, ప్రమాణం ఒక కామిక్ పుస్తకం. ‘ఫ్రైట్ నైట్’లో సాయానికి వచ్చేది టీవీలో పాత దెయ్యం సినిమాలు పరిచయం చేసే నటుడు, తనకే నమ్మకం లేదు. అందుకే అతను శిలువ ఎత్తితే జెర్రీ నవ్వుతాడు, నమ్మకం ఉంటేనే అది పనిచేస్తుంది. సగం నమ్మదగ్గ మనిషి చెప్తే పాఠకుడు ఆలోచిస్తాడు. ప్రొఫెసర్ చెప్తే నోట్సు రాసుకుంటాడు.

‘ట్వైలైట్’ని నువ్వు తీసిపారేశావు, అది నేను ఒప్పుకోను. 2008లో క్యాథరిన్ హార్డ్‌విక్ తీసిన మొదటి భాగం మళ్లీ చూడు. పిలుపు నియమం అందులో లేదు, రక్తపిశాచి ఎడ్వర్డ్ తను ప్రేమించే బెల్లా గదిలోకి అడక్కుండానే వస్తాడు. ఎండలో చావడు, మెరుస్తాడు. మరి నిలిచిందేమిటి? తలుపు పోయి, ఆ స్థానంలో ఇద్దరి మధ్య మూరెడు దూరం వచ్చింది. బయాలజీ క్లాసు సీను చూడు. బెల్లా ఫ్యాను ముందు నుంచి నడుస్తుంది, గాలికి ఆమె వాసన తగిలి ఎడ్వర్డ్ చేత్తో ముక్కు మూసుకుంటాడు. అతని వెనక గడ్డి కూరి నిలబెట్టిన తెల్లగుడ్లగూబ రెక్కలు అతని భుజాలకే మొలిచినట్టు కనిపిస్తాయి. బెల్లా తన ఒంటికి వాసనొస్తోందేమోనని జుట్టు వాసన చూసుకుంటుంది. కొత్త స్కూల్లో మొదటిరోజు సిగ్గూ, ప్రాణభయమూ ఒకే బెంచీ మీద కూర్చున్నాయి. తలుపు తీసెయ్యాలనుకుంటే ఇలా దాని బరువు మోసేది ఇంకోటి పెట్టాలి. నువ్వు తలుపు తీసేశావు, ఏమీ పెట్టలేదు.

1987లోనే వచ్చిన క్యాథరిన్ బిగెలో సినిమా ‘నియర్ డార్క్’లో వాంపైర్ అన్న మాట ఒక్కసారి కూడా వినబడదు. నీ కథలో పేజీకి నాలుగుసార్లుంది. మొత్తం కొట్టేసి చదివి చూడు. అయితే అందులో రక్తం ఎక్కించి నయం చేసే ముగింపు నాకు నచ్చదు. పోగొట్టుకున్నది అంత చవగ్గా తిరిగిరాకూడదు.

తెలుగులో ఏం పేరు పెట్టాలన్నావు. బేతాళుడు వద్దు. రిచర్డ్ బర్టన్ 1870లో మన విక్రమార్కుడి కథల్ని ఇంగ్లీషులో తెచ్చినప్పుడు బేతాళుణ్ణి వాంపైర్ చేశాడు కానీ, మనవాడు శవంలో దూరి కథలు చెప్తాడు, నెత్తురు తాగడు. పేరు కంటే విలువైంది ఇంకోటి మన దగ్గరుంది. ఒకప్పుడు మన ఊళ్లలో తలుపుల మీద రాసిన ‘ఓ స్త్రీ రేపు రా’. వచ్చింది దెయ్యమైనా తలుపు మీది మాట చదువుకుని, మాటకి కట్టుబడి వెనక్కి పోతుంది. గడపకి పసుపు పూసే ఇళ్లలో పుట్టిన పాఠకుడికి గుమ్మం బలం నువ్వు కొత్తగా చెప్పక్కర్లేదు. శిలువలూ వెల్లుల్లీ అరువు తెచ్చుకునే ముందు ఇటు చూడు.

పని ఇలా చెయ్. ‘ది లాస్ట్ బాయ్స్’ మూడుసార్లు చూడు. మొదటిసారి ఊరికే. రెండోసారి మ్యూట్‌లో పెట్టి. అప్పుడు సినిమా తీసిన శాంటా క్రూజ్ బీచ్ దీపాలు, అక్కడక్కడా అంటించిన తప్పిపోయినవాళ్ల కాగితాలు, ఊరి స్వాగతం బోర్డు వెనకవైపు రంగుతో రాసిన హత్యల రాజధాని అన్న రాత కనిపిస్తాయి. ఒకే బోర్డుకి రెండు ముఖాలు, డైలాగు అక్కర్లేదు. పిశాచాలు ఎగిరేటప్పుడు రెక్కలు చూపించరు, వాటి కళ్లతో నేలని చూపిస్తారు. నువ్వూ ఎగిరేవాడి వర్ణన మానేసి, పైనుంచి వాడికి కనిపించేది రాయి. మూడోసారి నోటుబుక్కులో నాలుగు గళ్లు గీసుకో. ఎన్నో నిమిషం, ఎవరి గుమ్మం, ఎవరు తీశారు, ఎవరు ఏం పోగొట్టుకున్నారు. తర్వాత నీ కథకి అవే గళ్లు నింపు. నాలుగో గడి మూడు సీన్లలో వరసగా ఖాళీగా ఉంటే ఆ మూడూ కలిపి ఒకటి చెయ్.

హాస్టల్లో అమ్మ లేదు, అదొక చిక్కు. సంక్రాంతి సెలవులకి ఆ సీనియర్‌ని హీరో ఇంటికే తీసుకురా, లేదా హాస్టల్ గదికే ఒక గడప ఇవ్వు. ముందు ఆ రెండు పేజీలే రాసి పంపు, మిగతాది ముట్టుకోకు. వార్డెన్ తలుపు తీస్తే ఒక కథ, రూమ్మేట్ తీస్తే ఇంకో కథ. రాత్రి పదింటికి అమ్మే తీసి, మా వాడి ఫ్రెండువా బాబూ, అన్నం తిన్నావా అంటే వేరే కథ.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య