తొలిచూలు పెయ్యకి ఏ సెమెన్ వేయించాలి?

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. పోయినేడు మా జెర్సీ క్రాస్ పెయ్యకి పాలెక్కువొస్తాయని హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్ జాతి) సెమెన్ సూది వేయించాం. ఈనేటప్పుడు దూడ ఇరుక్కుపోయి, నలుగురం లాగితే చచ్చి బయటికొచ్చింది, పెయ్య మూడ్రోజులు లేవలేదు. ఇప్పుడు దాని చెల్లెలు ఎదకొచ్చింది. ఛాతీ చుట్టు 54 అంగుళాలు, పొడవు 46. ఏ సూది వేయించమంటారు?

జవాబు: దూడ పోయినందుకు చాలా బాధగా ఉందండి. ఈ ఎదకి మాత్రం ఏ సూదీ వద్దు, వదిలేయండి. ఎందుకంటే మీరిచ్చిన కొలతల్తో లెక్కేస్తే, అంటే ఛాతీ చుట్టుని దాంతోనే గుణించి, మళ్ళీ పొడవుతో గుణించి 660తో భాగిస్తే, బరువు 203 కిలోలే వస్తోంది. జెర్సీ క్రాస్ పెయ్య కనీసం 220, 230 కిలోలన్నా ఉండాలి. చుట్టు 56, పొడవు 48 వచ్చిందంటే 228 కిలోలు, అప్పుడు ధైర్యంగా వేయించొచ్చు. పచ్చిమేత, కాస్త దాణా, మినరల్ మిక్చర్ పెట్టి నట్టల మందు తాపితే రెండు మూడు ఎదలు దాటేసరికి ఆ బరువు వచ్చేస్తుంది, ఎద ఎలాగూ 21 రోజులకోసారి వస్తుంది కదా.

ఇక సెమెన్ సంగతి. మొదటి ఈతకి జెర్సీయే వేయించండి, హెచ్‌ఎఫ్ వద్దే వద్దు. హెచ్‌ఎఫ్ దూడ పుట్టేటప్పుడే 35, 40 కిలోలుంటుంది, జెర్సీ దూడ 25 కిలోల దగ్గర్లో ఉంటుంది, కటి ఇంకా పూర్తిగా ఎదగని పెయ్యకి ఆ పది కిలోల తేడాయే ప్రాణం మీదకి తెస్తుంది. పాల మీద ఆశ ఉంటే హెచ్‌ఎఫ్ సంగతి రెండో ఈతకి, ఆవు బాగా ఎదిగాక చూద్దాం. అమెరికాలో మాంసం పశువులు పెంచేవాళ్ళు కూడా అంతే, పెయ్యలకి సులువుగా ఈనించే ఆంగస్ జాతి ఆబోతుల్ని వేరే ఎంచుకుంటారు, ఆ ఆబోతుల వివరాల్లో ఈత సులువు ఎంతో అంకెల్లో ఇస్తారు.

ఒకే జాతిలో కూడా ఆబోతు ఆబోతుకీ తేడా ఉంటుందండి. సెమెన్ ఉండే సన్నగొట్టం, అదే స్ట్రా, మీద ఆబోతు నంబరు ప్రింటై ఉంటుంది, సూది వేసే గోపాలమిత్రనడిగి అది రాసిపెట్టుకోండి, ఆ నంబరుతో చుట్టుపక్కల పుట్టిన దూడలెలా ఉన్నాయో కనుక్కోండి. మీ పెయ్య తండ్రి నంబరే మళ్ళీ పడకుండా కూడా చూసుకోవాలి. ఆడదూడల సెమెన్ దొరికితే ఇంకా మేలు, నూటికి 90 దాకా పెయ్యదూడలే పుడతాయి, అవి కోడెదూడల కన్నా కాస్త తేలిక, కాకపోతే చూడి నిలిచే అవకాశం కొంచెం తక్కువ.

దూడ పెద్దదవుతుందని చూడి చివరి మూడు నెలల్లో మేత తగ్గించేవాళ్ళున్నారు, ఆ పని చెయ్యొద్దు, పెయ్యకే ముక్కే శక్తి ఉండదు. అలాగని బాగా కొవ్వు పట్టేలానూ మేపొద్దు.

ఈనే రోజు నీళ్ళసంచి కనపడ్డాక గంట దాటినా దూడ ముందుకి రాకపోతే పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చేసేయండి. ముందుకాళ్ళ గిట్టలు కిందికి చూస్తూ వాటి మీద మూతి కనిపిస్తే దూడ సరిగ్గానే వస్తున్నట్టు. గిట్టలు పైకి చూస్తుంటే మాత్రం తాడు కట్టి లాగొద్దు, డాక్టరొచ్చేదాకా ఆగండి.

ఇంకోటి, పోయినేడు కష్టపడి ఈనిన ఆవుకి మళ్ళీ సూది వేయించేముందు గర్భసంచి ఓసారి పరీక్ష చేయించండి, ఎదలో కారే తీగ తెల్లగా చీములా ఉంటే ముందు వైద్యం, ఆ తర్వాతే సూది.